పైకప్పు కింద చోటు లేని గరాజుకు మోటారు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

ప్రియమైన శేఖర్‌కు,

శాక్రమెంటోలో నువ్వు కొత్తగా కొన్న ఇంటి గరాజు ఫోటోలు చూశాను. తలుపుకు ఏ మోటారు కొనాలని అడిగావు కదా, ఏదీ కొనకముందు ఒక్కసారి కొలతలు తీయమని నా గట్టి సలహా.

దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పైకప్పు మధ్యలో పట్టా బిగించి, గొలుసుతోనో బెల్టుతోనో తలుపును వెనక్కి లాగే రకం. 7 అడుగుల తలుపుకు ఆ పట్టా దాదాపు 10 అడుగులు ఉంటుంది, మోటారు దాని చివర వేలాడుతుంది. నీ గరాజులో హీటరు డక్ట్, అంటే వేడిగాలి పోయే గొట్టం, సరిగ్గా ఆ దారికి అడ్డంగా పోతోంది. పైగా తలుపు వంపు తిరిగేటప్పుడు దాని పై పలక ద్వారబంధం కంటే ఎత్తుకు లేస్తుంది కాబట్టి, మూసి ఉన్న తలుపు పైన కనిపించే ఖాళీని నమ్మకూడదు. తలుపును చేత్తో మెల్లగా ఎత్తుతూ, పై పలక అంచు ఎంత ఎత్తుకు చేరుతుందో చూసి, అక్కడి నుంచి డక్ట్ అడుగు వరకు కొలువు. పట్టా పట్టడానికి అక్కడ కనీసం రెండు మూడు అంగుళాలైనా మిగలాలి.

మిగలకపోతే దిగులు పడనక్కరలేదు, తలుపు పక్కన గోడకు బిగించే మోటారు ఉంది. మా ఇంట్లో ఉన్నది అదే, నాకు దాని మీద ఎంతో గురి. తలుపు పైన అడ్డంగా ఉండే ఇనుప షాఫ్ట్ చివర దీన్ని తగిలిస్తారు; మోటారు షాఫ్ట్‌ను తిప్పితే, గాలిపటం మాంజా చరకాకు చుట్టుకున్నట్టు రెండు వైపులా కేబుళ్లు డ్రమ్ములకు చుట్టుకుని తలుపు పైకి లేస్తుంది. దీనికి షాఫ్ట్ చివర పక్కగోడ వైపు సుమారు 8 అంగుళాల చోటు, దగ్గరలో ఒక కరెంటు ప్లగ్గు ఉంటే చాలు. అయితే మూసేటప్పుడు మోటారు కేబుల్‌ను వదులుతుందే తప్ప తలుపును కిందికి నెట్టదు, అది తన బరువుతోనే దిగుతుంది. అందుకే కేబుల్ వదులైతే పసిగట్టి మోటారును ఆపే పరికరాన్ని, తలుపును బయటి నుంచి ఎవరూ ఎత్తకుండా గడియ వేసే పరికరాన్ని తప్పక పెట్టించు.

ఈ రకం నడవాలంటే స్ప్రింగు షాఫ్ట్ మీదే చుట్టి ఉండాలి. నీ ఫోటోల్లో స్ప్రింగులు తలుపు జారే రెండు పక్క పట్టాల వెంబడి పొడవుగా సాగి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. అలాగైతే ముందు వాటిని మార్పించాలి. ఆ పని మాత్రం నువ్వు ముట్టుకోవద్దు శేఖర్, ఇది బతిమాలి చెబుతున్నాను. తలుపు బరువంతా మోసేది స్ప్రింగే, మోటారు కాదు. బిగించి ఉన్న స్ప్రింగు చేయి జారితే ఎముకలు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. అనుభవమున్న మేస్త్రీని పిలిచి, ఆయన పని ముగించాక తలుపును చేత్తో సగం ఎత్తి వదిలి చూడు: ఎక్కడ వదిలితే అక్కడే నిలబడితేనే మోటారు తగిలించనివ్వు.

మన రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి బ్యాటరీ బ్యాకప్ లేని ఇంటి గరాజు మోటారును అమ్మడానికి గానీ బిగించడానికి గానీ వీల్లేదు. 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గరాజు తలుపులు ఎత్తలేక మనుషులు ఇళ్లలో చిక్కుకుపోయాక వచ్చిన చట్టమిది. ఆ బ్యాటరీ ధర దండగ అనుకోవద్దు, అమ్మానాన్నలు నీ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

తలుపుకు రెండు పక్కలా పెట్టే సెన్సర్లు నేల నుంచి 6 అంగుళాలు దాటకూడదు, పాకే పిల్లవాడినైనా అవి గుర్తించాలి. గోడ మీద స్విచ్చి 5 అడుగుల పైన ఉండాలి; మీ చిన్నదానికి అందనే కూడదు. అంతా అయ్యాక ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న చెక్కను తలుపు దారిలో నేల మీద పడుకోబెట్టి మూసి చూడు. తలుపు చెక్కకు తగలగానే తిరిగి పైకి లేవాలి. ఈ పరీక్షను నెలకోసారి చేయడం మా ఇంట్లో అలవాటు.

షాఫ్ట్ ఉందో లేదో, పక్కగోడ దగ్గర ఎంత చోటుందో, డక్ట్ ఎంత కిందికి దిగిందో కొలిచి పంపు. అవి చూశాక ఏ మోటారు కొనాలో తేలుద్దాం.

నీ
రాఘవ