రిమోట్ కారు కొనిస్తున్నారా? ఛార్జింగ్ దగ్గర మీరూ కూర్చోండి

సంపాదకులకు నమస్కారం.

నాది మల్కాజిగిరిలో చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. మా నాన్నగారి రోజుల్లో రేడియోలు, టేప్‌రికార్డర్లు వచ్చేవి. తర్వాత టీవీలు, స్టెబిలైజర్లు. ఇప్పుడు వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, నా బల్ల మీద రిమోట్ కార్లు వరుస కడుతున్నాయి. నాకూ ఆ సరదా ఉంది. ఆదివారం పొద్దున్నే ఎండ ముదరకముందే నలుగురైదుగురం ఖాళీ గ్రౌండులో చేరి నడుపుకుంటాం. పిల్లలకు ఇంత మంచి ఆట ఇంకోటి లేదని నా నమ్మకం. కారు విప్పి, బిగించి, సోల్డరింగ్ పట్టిన పిల్లాడికి బళ్లో చెప్పే కరెంటు పాఠం ఇట్టే ఎక్కుతుంది. ఆ ఇష్టంతోనే, సెలవులకు పిల్లలకు ఈ కార్లు కొనిపెడుతున్న తల్లిదండ్రుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా తెలియాలి. బజారులో రిమోట్ కారు అన్న పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు. పెన్సిల్ సెల్స్‌తోనో చిన్న బ్యాటరీతోనో గదిలో తిరిగేది బొమ్మ. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ ఉత్తర్వు 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువులకు వర్తిస్తుంది. రెండో రకాన్ని అభిరుచి ఉన్నవాళ్లు ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు అంటారు. దాని పెట్టె మీద సాధారణంగా 14+ అని ఉంటుంది. అది చూసి చాలామంది ‘మావాడు తెలివైనవాడు, పదేళ్లకే నడుపుతాడు’ అనుకుంటారు. ఆ అంకె తెలివి గురించి కాదండీ. లోపల బ్రష్‌లెస్ అనే బలమైన మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ ఉన్నాయనీ, పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దనీ అర్థం చేసుకోవాలి.

ఆ బ్యాటరీని మేం లైపో అంటాం. సెల్ ఫోన్‌లో ఉండేదీ అదే కుటుంబం. కాకపోతే ఫోన్‌లో దానికి కాపలాగా ఒక సర్క్యూట్ ఉంటుంది. నిండగానే ఆపేస్తుంది, బాగా తగ్గితే ఫోన్‌ను కట్టేస్తుంది. ఆర్‌సీ కారు లైపోలో చాలావాటికి ఆ కాపలా ఉండదు. మోటారుకు ఒక్కసారిగా బోలెడంత కరెంటు కావాలి గనుక సెల్స్‌ను నేరుగా తీగలకు కలిపేస్తారు. కాపలా పనంతా ఛార్జర్‌దీ, కారులో మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్‌దీ, మనదీ.

ఒక్కో సెల్ 3.7 వోల్టులది. నిండితే 4.2. అంతకుమించి ఒక్క పిసరు ఎక్కినా లోపల రసాయనం చెడటం మొదలవుతుంది. కింద 3 వోల్టుల కంటే దిగకూడదు. రెండు సెల్స్ కలిస్తే టూ-ఎస్, మూడైతే త్రీ-ఎస్. బ్యాటరీకి రెండు చోట్ల తీగలు ఉంటాయి. లావుపాటి ఎరుపు, నలుపు తీగలు మోటారుకు. సన్నటి తీగలతో ఉన్న చిన్న తెల్ల కనెక్టర్ బ్యాలెన్స్ కోసం. ఒక్కో సెల్ ఎంత నిండిందో ఛార్జర్ దాని ద్వారానే చూసుకుంటుంది. నా దగ్గరికి వచ్చే పాడైన బ్యాటరీల్లో ఆ తెల్ల కనెక్టర్ పెట్టకుండా ఛార్జ్ చేసినవే ఎక్కువ. మీటరు పెట్టి చూస్తే ఒక సెల్ 4.2 దాటి ఉంటుంది, పక్కది 3.6 దగ్గరే నిలిచిపోయి ఉంటుంది. మొత్తం మాత్రం 7.9 అని సవ్యంగానే కనిపిస్తుంది. పైపైన చూస్తే తెలిసేది కాదు.

మొన్న ఒకాయన సంచిలో కారు పెట్టుకుని వచ్చారు. ‘ఛార్జ్ ఎక్కట్లేదు, చూడండి’ అన్నారు. మూత తీశాను. బల్లపరుపుగా ఉండాల్సిన బ్యాటరీ మధ్యలో పైకి లేచి, దాని ప్లాస్టిక్ తొడుగు బిగుసుకుని, అంచు దగ్గర సన్నగా చీలింది. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను తలపించే తియ్యటి వాసన. ఆ వాసన వచ్చిందంటే లోపలి ద్రవం బయటికి వస్తోందని అర్థం. ఆ ద్రవానికి మంట అంటుకుంటుంది. షాపులో ఫ్యాను ఆపి, దాన్ని రెండు చేతులతో మెల్లగా తీసి, బయట మెట్ల కింద ఉన్న ఇసుక బకెట్‌లో పెట్టాను. ఆయన దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అంతకుముందు రాత్రి పిల్లాడి మంచం పక్కన ఛార్జింగ్‌లో ఉందట. నాకు గుండె ఝల్లుమంది. ఆయనను ఏమనాలి? కొన్నచోట ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. కారుతోపాటు ఇచ్చిన కాగితం నిండా చైనా భాషే.

ఛార్జర్ దగ్గర జరిగే ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. ఖర్చు తగ్గుతుందని పాత నికెల్ బ్యాటరీల ఛార్జర్‌నే లైపోకు పెడతారు, లేదా అన్ని రకాలకూ పనికొచ్చే ఛార్జర్‌లో నికెల్ మోడ్ ఉంచేసి లైపో తగిలిస్తారు. నికెల్ బ్యాటరీ నిండగానే దాని వోల్టేజీ కాస్త పడుతుంది. ఛార్జర్ ఆ పడటాన్ని పసిగట్టి ఆగుతుంది. లైపోలో అలా పడదు. ఛార్జర్ ఇంకా నిండలేదనుకుని కరెంటు తోస్తూనే ఉంటుంది. ఉబ్బడం, పొగ, మంట అన్నీ అక్కడి నుంచే. అందుకే తగిలించే ముందు తెర మీద లైపో అని ఉందా, సెల్స్ సంఖ్య సరిపోయిందా అని ఇద్దరు చూడాలి, పిల్లాడొకసారి, పెద్దవాళ్లొకసారి. కరెంటు ఎంత పెట్టాలన్నదానికి తేలిక లెక్క ఉంది. బ్యాటరీ మీద దాని సామర్థ్యం 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అని ఉంటే 5 ఆంపియర్లు, 2200 అని ఉంటే 2.2. తొందరపడి దాన్ని రెట్టింపు చేయొద్దు. స్పీడ్ కంట్రోలర్‌లో కూడా లైపో, నికెల్ అని రెండు సెట్టింగులు ఉంటాయి. లైపో వేసినప్పుడు అది లైపోలోనే ఉండాలి. లేకపోతే బ్యాటరీ అడుగంటినా కారు ఆగదు, అలా ఒట్టిపోయిన సెల్ మళ్లీ ఛార్జింగ్‌లో మొరాయిస్తుంది.

మన ఇళ్లకు ప్రత్యేకమైన సంగతి మరొకటి. అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనమామో వస్తూ వస్తూ కారు తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఛార్జర్ మీద ‘ఇన్‌పుట్ 100-240’ అని ఉంటే ఫరవాలేదు. ఒక్క 120 మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. తెచ్చేవాళ్లకూ ఒక మాట. విడి బ్యాటరీలను చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, కనెక్టర్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి చేతి సంచిలో ఉంచుకోవాలి.

ఇక ఎండలు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జ్ చేయకూడదన్నది మామూలుగా తయారీదారులు చెప్పే హద్దు. మే నెలలో మన డాబా మీది రేకుల గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. గ్రౌండు నుంచి తెచ్చిన బ్యాటరీ చెయ్యి పెడితే చురుక్కుమంటుంటే చల్లారేదాకా ఆగాలి. కారు డిక్కీలో, స్కూటర్ సీటు కింద వదిలేయొద్దు. ఛార్జింగ్‌కు అనువైన చోటు గచ్చు నేల లేదా టైల్స్ నేల, పక్కన పరదాలు, పేపర్లు, సోఫా లేకుండా. పరుపు మీద ఎప్పుడూ వద్దు. వీధి గుమ్మానికి అడ్డంగా కూడా పెట్టొద్దు, ఏదైనా అయితే మనం బయటపడే దారి అదే. మంటను కొంత ఆపే లైపో సంచులు దొరుకుతాయి, కొనండి. అవి ఉన్నాయి కదా అని పక్కగదికి వెళ్లి సీరియల్ చూడొద్దు. ఛార్జింగ్ అయినంతసేపూ ఒక పెద్ద మనిషి కంటి ముందు ఉండాలి. పడుకునే ముందు ప్లగ్గు తీసేయాలి. వారం పది రోజులు ఆడమనుకుంటే ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

ఇదంతా అతిగా భయపెట్టడం అనిపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒకరు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేస్తే ఎనిమిది మంది పోయారు. మా షాపుకు అది దూరం కాదు. ఆర్‌సీ కారు బ్యాటరీ వాటి ముందు చిన్నదే. కానీ అంటుకుంటే అదీ అదే రకంగా మండుతుంది, అదే రకం విషపు పొగ వదులుతుంది, అదీ ఎక్కువగా పిల్లల గదిలో. పొగ కనిపిస్తే ముందు పిల్లల్ని బయటికి పంపండి. చేతికందితే మెయిన్ స్విచ్ కట్టేయండి. ఇసుక దగ్గరుంటే దూరం నుంచే పోయండి. అదుపు తప్పుతుందనిపిస్తే తలుపు మూసి బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. కారు పోతే పోనీండి.

నడపడం దగ్గరికొస్తే, బరువూ వేగమూ కలిపి చూడాలి. రెండున్నర కిలోల కారు గంటకు 50 కిలోమీటర్లతో వస్తే దాని దెబ్బ ఎంత? ఫాస్ట్ బౌలర్ 140 వేగంతో విసిరిన క్రికెట్ బంతికి ఉన్న శక్తికి రెట్టింపు. పైగా అది తగిలేది చీలమండకు, లేదా నేల మీద పాకే పసివాడి మొహానికి. కాలనీ రోడ్డు మీద, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడపడాన్ని అందుకే నేను ఒప్పుకోను. రోడ్డు మీద ఇంకో ముప్పు ఉంది. కారు బండి కిందకు దూరుతుంటే పిల్లాడు దాని వెనకే పరిగెడతాడు. వాడి కళ్లు కారు మీదే ఉంటాయి, వచ్చే ఆటో కనబడదు. టూవీలర్ మీద వెళ్లేవాళ్లు దీన్ని తప్పించబోయి పడతారు. ప్రహరీ ఉన్న గ్రౌండు, సెలవురోజు బడి ఆవరణ (అడిగి), పంట కోసిన పొలం మంచివి. నడిపేవాళ్లంతా ఒకే వైపు నిలబడాలి. బోల్తా పడిన కారును తేవడానికి ఎవరైనా లోపలికి వెళ్తే మిగతావాళ్లు రిమోట్ మీది ట్రిగ్గర్ వదిలేసి ఆగాలి. మా గుంపులో ఈ నియమం తప్పినవాళ్ల రిమోట్ ఆ పూటకు పక్కన పెట్టించేస్తాం.

ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. ఇది తిరగబడితే కొన్ని కార్లు సిగ్నల్ లేక ఫుల్ థ్రాటిల్‌తో దూసుకుపోతాయి. కొన్నాక ఫెయిల్‌సేఫ్ పరీక్ష, అంటే సిగ్నల్ పోతే కారు తనంతట తానే ఆగుతుందా అన్న పరీక్ష, చేయండి. కారు చక్రాలు గాల్లో ఉండేలా ఇటుక మీద నిలబెట్టి, కొంచెం ట్రిగ్గర్ నొక్కి ఉంచి, రిమోట్ ఆఫ్ చేయాలి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే సెట్ చేయించకుండా నేల మీద దించొద్దు. రిమోట్‌లో సెల్స్ నీరసించినా ఇదే తంటా.

గేర్లు, షాఫ్టుల జోలికి వెళ్లేముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. వేలాడే చున్నీ, విరబోసిన జుట్టు, చేతికి కట్టిన దారాలు తిరిగే చక్రాల దగ్గరికి రానివ్వొద్దు. ఆడపిల్లలూ ఇప్పుడు ఈ ఆటలోకి బాగా వస్తున్నారు, సంతోషం. కొన్ని టైర్లు వేగానికి ఉబ్బి చీలి ముక్కలు ఎగురుతాయి గనుక బల్ల మీద మోటారు తిప్పి చూసేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి. నైట్రో ఇంధనంతో నడిచే కార్లను పిల్లలకు అసలు ఇవ్వొద్దు. అందులో మిథనాల్ ఉంటుంది, దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగా ఆనదు.

ఉబ్బిన బ్యాటరీని సూదితో గుచ్చి గాలి తీయొచ్చని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గుచ్చితే చేతిలోనే అంటుకుంటుంది. దాన్ని చెత్త ఆటోలో వేసినా ముప్పే, నొక్కేటప్పుడు లోపల తగలబడి, పాపం పారిశుద్ధ్య కార్మికుల మీదికి వస్తుంది. కనెక్టర్లకు టేపు చుట్టి, ఇంటి బయట ఇసుకలో ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదీ, దిగుమతిదారులదీ. అమ్మిన దుకాణంలో గట్టిగా అడగండి.

అమ్మేవాళ్లకు నా విన్నపం. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, లైపో ఉన్న ప్రతి కారుతోపాటు సరైన బ్యాలెన్స్ ఛార్జర్, తెలుగులో ఒక పేజీ సూచనలు ఇవ్వండి. ఛార్జర్ లేకుండా కారు అమ్మి, ‘బయట ఏదో ఒకటి కొనుక్కోండి’ అని పంపడం అన్యాయం. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సెలవుల ప్రత్యేక పేజీల్లో ఆటబొమ్మల గురించి రాసేటప్పుడు లైపో ఛార్జింగ్ జాగ్రత్తలకు ఒక చిన్న బాక్స్ కేటాయించండి. రాతలో ఏదైనా సాంకేతిక సందేహం వస్తే సాయం చేయడానికి నేను సిద్ధం.

ఇట్లు
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
మల్కాజిగిరి, హైదరాబాద్