నోటితో కాదంటే ఒప్పుకోవద్దు

కర్నూలు,
సోమవారం రాత్రి.

పాపా,

నాయన ఆశీస్సులు. "పోనీలే నాయనా, నా ఆపరేషనైతే అయింది కదా, ఇన్సూరెన్సువాళ్లూ ఆఫీసువాళ్లూ కోసిన డబ్బుల కోసం వాళ్లతో ఏం పెట్టుకుంటాం" అని నిన్న ఫోన్లో అన్నావు. ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లుగా కలెక్టరేట్ దగ్గర కూర్చుని అందరికీ అర్జీలు రాసిపెడుతున్నా. నా బిడ్డే అర్జీ వద్దంటే ఎట్లా?

ఈరోజు కలెక్టరేట్ సునయన ఆడిటోరియం దగ్గర అర్జీలిచ్చే జనం కిటకిట. ఈ అర్జీల కార్యక్రమాన్ని మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పల్లెలవాళ్లకు మాత్రం అది ఎప్పుడూ సోమవారం గ్రీవెన్సే. ఆస్పరి వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. పింఛను ఆగిపోయిందంట. "ఎందుకు ఆపినారో కాగితం ఇచ్చినారా అవ్వా?" అంటే "నోటితోనే చెప్పినారు నాయనా" అంది. అర్జీలో మొదటి వాక్యం అదే రాశా: నా పింఛను ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. నోటి మాటకు జవాబు రాయలేం పాపా. కాగితం మీద కారణం పడితే, ఆ కారణానికి జవాబు చెప్పొచ్చు.

మీ అమ్మ చేయి విరిగినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, అన్నీ నీకు చెప్పలేదు. మణికట్టుకు ప్లేటు వేశారు. షుగర్ దాచిపెట్టి పాలసీ తీసుకున్నారని ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. వాళ్ల ఆఫీసుకు పోయి అరిచాను. కుర్చీలో ఉన్న పిల్లోడు బెదిరిపోయాడు, అంతే, ఒక్క రూపాయి రాలేదు. ఇంటికొచ్చి చల్లబడ్డాక ఆ తిరస్కరణ కాగితం నాలుగుసార్లు చదివా. కేస్ షీట్‌లో 'షుగర్, 6 సంవత్సరాలు' అని ఉందంట. మీ అమ్మకు షుగర్ బయటపడి అప్పటికి ఆరు నెలలే! క్యాజువాలిటీలో ఎవరో తొందరలో రాసింది. ఆసుపత్రి నుంచి సవరణ లెటరు తీసుకున్నా. పాలసీకి ముందు చేయించిన రక్తపరీక్ష రిపోర్టు బీరువాలో దొరికింది. రెండూ జతచేసి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్సు అధికారికి రాశా. మళ్లీ కాదన్నారు. అప్పుడు హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇన్సూరెన్సు కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, పంపాను. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. డబ్బు వచ్చింది. వడ్డీ మాట నేను అడగలేదు, అడిగుండాల్సింది.

ఇక నీది. నువ్వు పంపిన సెటిల్‌మెంట్ కాగితం చూశా. మీ ఆఫీసు గ్రూపు పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5000, నువ్వున్నది 8000 గది. అందుకని బిల్లు మొత్తాన్ని ఎనిమిదిలో ఐదు వంతులకు కోసేశారు. డాక్టరు ఫీజు, థియేటరు ఖర్చు అట్లా కోయడానికి పాలసీలో రాసుంటే మనం మాట్లాడలేం. కానీ మందుల బిల్లు, స్కానింగు, రక్తపరీక్షలు కూడా అదే లెక్కన కోశారు! వాటిని గది అద్దెతో ముడిపెట్టి తగ్గించకూడదని ఇన్సూరెన్సు కంపెనీలను అదుపు చేసే సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆసుపత్రి బిల్లు దగ్గర పెట్టుకుని ఆ మూడు పద్దులూ విడిగా కూడి చూడు. నీ అప్పీలంతా ఆ మొత్తం మీదే నడవాలి. మిగతాదాని జోలికి పోవద్దు.

మీ హెచ్ఆర్ ద్వారా, నేరుగా ఇన్సూరెన్సు కంపెనీ గ్రీవెన్సు మెయిల్‌కు కూడా రాయి. ఫిర్యాదు నంబరు తీసిపెట్టుకో. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఆ తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపే పోవాలి. నీకు బెంగళూరు ఆఫీసు.

సెలవు సంగతి నాకు ఇంకా బాధ. ఆపరేషన్ తర్వాత డాక్టరు విశ్రాంతి రాసిచ్చిన రోజులకు జీతం కోసి, మేనేజరు "చూద్దాంలే" అన్నాడని చెప్పావు. చూద్దాంలే అంటే అవునూ కాదు, కాదూ కాదు. సెలవు నిబంధనల్లో ఏ అంశం కింద కోశారో చెప్పమని మర్యాదగా రెండు లైన్ల మెయిల్ పెట్టు, సర్టిఫికెట్ జతచెయ్యి. కోపం ఒక్క మాటలో కూడా కనపడకూడదు. జవాబు రాకపోతే పై అధికారికి, అక్కడా కాకపోతే ఫిర్యాదుల కమిటీకి. ఐటీ కంపెనీలకు అప్పటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం (ఉద్యోగ నిబంధనలు రాతలో ఉండాలనే చట్టం) నుంచి మినహాయింపు ఇచ్చినప్పుడు కర్ణాటక ప్రభుత్వం పెట్టిన షరతుల్లో ఆ కమిటీ ఒకటి. అందులో యాజమాన్యం తరఫున ఎంతమంది ఉంటే ఉద్యోగుల తరఫునా అంతమంది ఉండాలన్నారు. మీ ఆఫీసులో అందులో ఎవరెవరున్నారో కనుక్కో.

పేరు చెడుతుందని నీ భయం. తెలుసు నాకు. నీ చోట నేను లేను కాబట్టి ఇంత ధైర్యం చెప్పడం సులువే. కానీ ఉన్న తేదీలు, ఉన్న కాగితాలు చూపించి అడిగినందుకు తప్పు పట్టేవాళ్లు, అడగకపోయినా రేపు ఇంకొకటి కోస్తారు.

డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు ఫోటో తీసి పంపు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, మొదటి మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం. కుట్ల దగ్గర నొప్పి తగ్గిందా అని అమ్మ అడుగుతోంది. దానికీ జవాబు రాయి.

నాయన