బుడమేరు మీద పీహెచ్‌డీ చేయడానికి ఎంతవుతుంది మంత్రి గారూ?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. పీహెచ్‌డీల సంగతి విద్యాశాఖ చూసుకుంటుంది కదా, ఈ ఉత్తరం మనకెందుకని మీ పేషీలో ఎవరైనా పక్కన పెట్టేయొచ్చు. అందుకే ముందే చెప్పేస్తున్నా, సీటు ఇప్పించమని అడగడానికి రాయట్లేదు. మా చదువు విద్యాశాఖ కిందిదే కావచ్చు గానీ, ఆ చదువు లేక మునిగేవి మీ శాఖ కింద ఉన్న ఊళ్లు. అందుకని మీకే రాస్తున్నా.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, పొద్దున నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి, సాయంత్రానికి మా కింది పోర్షన్‌లో ఫ్యాను రెక్కలు మాత్రం కనిపించాయి. ఐదు రోజులు పైపోర్షన్ వాళ్లింట్లో తలదాచుకున్నాం. పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పడవల్లో వచ్చేవి, డ్రోన్లతో అన్నం పొట్లాలు దించిన రోజులూ ఉన్నాయి. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఆ ఇల్లు ఆయన పీఎఫ్ డబ్బు. ప్లాను మంజూరైంది, ఇంటి పన్ను బాకీ లేదు, కరెంటు మీటరుంది. అది బుడమేరు వాగు పారే దారి అని మాత్రం మా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు. నేను చదివిందేమో ఊళ్ల ప్లానింగే, బీ.ప్లాన్, ఆ తర్వాత ఎం.ప్లాన్. బురద కడుగుతుంటే మా అమ్మ అడిగింది, "నువ్వు చదివింది ఇదే కదా, నీకూ తెలియలేదా" అని. తెలియలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న పట్టుకుంది. 2005లోనూ బుడమేరు ఇలాగే పొంగింది. ఆ తర్వాత పందొమ్మిదేళ్లలో ఆ పల్లంలో ఎన్ని ఇళ్లకు అనుమతులిచ్చారు, ఎన్ని అనుమతి లేకుండా లేచి తర్వాత బీపీఎస్‌లో (అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం) డబ్బు కట్టి సక్రమమయ్యాయి, అందులో ఎన్ని ఆ ఆదివారం మునిగాయి? దీనికి సమాధానం వెతకాలంటే నాలుగేళ్లు కూర్చుని చేయాల్సిన పని, అంటే పీహెచ్‌డీ.

రెండేళ్లుగా దాని కోసం తిరుగుతున్నా. చవకగా, మంచి చోట చేయాలి. ఈ రెండూ కలిసి దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పాలి.

మొదట్లో అందరిలాగే ఫీజులు చూశాను, అది నా పొరపాటు. పీహెచ్‌డీకి అసలు ఖర్చు ఫీజు కాదు, నాలుగైదేళ్లు జీతం లేకుండా బతకడం. నేను ఒక కన్సల్టెన్సీలో జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్ మ్యాపులు) గీస్తాను, నెలకు 32 వేలు వస్తాయి, అందులో సగం ఇంటికే పోతుంది. ప్రభుత్వ సంస్థల్లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్థాయి ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు, పైన ఇంటి అద్దె భత్యం (2023 జనవరి నుంచి ఇవే రేట్లు). నా జీతం కన్నా ఎక్కువే! ఇది చూసి ఎగిరి గంతేశాను కూడా. ఐదేళ్లు దాటితే అదీ ఆగుతుందనుకోండి, అది తర్వాతి బాధ.

వచ్చిన చిక్కల్లా ఆ ఫెలోషిప్ గుమ్మం దగ్గరే. దేశమంతా జేఆర్‌ఎఫ్ కోసం రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఎనభైకి పైగా సబ్జెక్టులున్నాయి, వాటిలో ప్లానింగ్ అని ఒక పేపరే లేదు. మా వాళ్లు కొందరు జాగ్రఫీ రాస్తారు, కొందరు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ రాస్తారు, అంటే చదవని సబ్జెక్టులో పాసై చదివిన సబ్జెక్టులోకి రావాలి. గేట్‌లో మాత్రం ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరుంది, అందులో ప్లానింగ్ వాళ్లకు విడిగా ఒక భాగం కూడా ఉంది. నేను అది రాశాను, స్కోరు వచ్చింది. స్కోరుతో తలుపు తట్టొచ్చు, తీసేది మాత్రం గైడు, అంటే మన పరిశోధనను దగ్గరుండి చూసే అధ్యాపకుడు.

గైడు సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. మంచి రూలే, నేను కాదనను. కానీ ప్లానింగ్‌లో అధ్యాపకులే తక్కువ, అందులో పట్టణ వరదల మీద, భూమి రికార్డుల మీద పనిచేసేవాళ్లు ఇంకా తక్కువ. ఐఐటీ రూర్కీ కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ఏళ్లుగా ఈ విభాగంలో మొదటి స్థానంలో ఉంది, ఖరగ్‌పూర్‌లో ఆర్కిటెక్చర్, రీజినల్ ప్లానింగ్ కలిపి పాత డిపార్ట్‌మెంట్ ఉంది, ఢిల్లీ స్పా (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీకి పేరుంది, ఫీజూ ఉంది. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. మా ఇంటి నుంచి సిటీ బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో 2008లో కేంద్రం పెట్టిన విజయవాడ స్పా ఉంది, అది 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. ర్యాంకు చూసి చేరితే ర్యాంకు సంస్థది, నాలుగేళ్లు నా చాప్టర్లు చదవాల్సింది ఒక మనిషి. ఈ సంగతి తెలియడానికి నాకు ఒక ఏడాది పట్టింది. అందుకే ఇప్పుడు నన్నెవరైనా సలహా అడిగితే ముందు ఆ గైడు దగ్గర చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారో కనుక్కోమంటాను, ర్యాంకు ఆ తర్వాత.

ఇక ప్రైవేటు దారి. ఒక యూనివర్సిటీ తరఫున ఫోన్ చేసినాయన (పేరు ఎందుకులెండి) "మేడమ్, మీరు జాబ్ మానక్కర్లేదు, సినాప్సిస్, అదే పరిశోధన ప్రతిపాదన, మావాళ్లే రాసిస్తారు, మూడేళ్లలో డాక్టర్ అయిపోతారు" అన్నారు. రేటు కూడా చెప్పారు, వాయిదాల్లో కట్టొచ్చట. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేయొద్దని ఆపేసింది. ఆ వార్త నేను ఆయనకు పంపిస్తే, "మేం ఆ మూడింట్లో లేం కదండీ" అని జవాబొచ్చింది.

విదేశాల లెక్క కూడా వేశాను. అమెరికాలో ట్యూషన్ మాఫీ, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే పని, దానికి జీతం) కలిపి ఇస్తేనే వెళ్లాలి, ఆ రెండూ లేని అడ్మిషన్ లెటర్ అప్పు పత్రంతో సమానం. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి మామూలుగా ట్యూషన్ ఫీజు ఉండదు, మాకు చదువు చెప్పినవాళ్లలో ప్లానింగ్‌కి అక్కడి డార్ట్‌మండ్ యూనివర్సిటీ పేరు ఎత్తనివాళ్లు లేరు. కానీ జీతమున్న పోస్టో స్కాలర్‌షిప్పో చేతిలో లేకుండా స్టూడెంట్ వీసాకి వెళ్తే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అనే తీసుకోగలిగే ఖాతా) నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మా నాన్న పీఎఫ్ అంతా ఎక్కడుందో పైనే చెప్పాను, బురద కొట్టుకుపోయిన గోడల్లో. నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్‌లలో చాలావరకు పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, నోటిఫికేషన్ వస్తుంది, అప్లై చేయాలి, నెలనెలా జీతం. అక్కడ టాపిక్ ఎక్కువసార్లు వాళ్లది ఉంటుంది, మన బుడమేరు కాదు.

అయినా మన టాపిక్ వాళ్ల దగ్గరికీ వెళ్తుంది. రెండేళ్ల కిందట ఒక డచ్ అమ్మాయి అమరావతి ల్యాండ్ పూలింగ్ (రాజధాని కోసం రైతుల భూములు సమీకరించడం) మీద పీహెచ్‌డీ కోసం వచ్చింది. రైతులతో మాట్లాడేటప్పుడు తెలుగు చెప్పడానికి నన్ను పెట్టుకుంది, రోజుకు పదిహేను వందలు. పదకొండు రోజులు తుళ్లూరు వైపు ఊళ్లన్నీ తిరిగాం. రిటర్నబుల్ ప్లాటు, కౌలు చెక్కు, జరీబు, మెట్ట, ఈ మాటలన్నీ ఆమెకు నేనే విప్పి చెప్పాను. ఒకరోజు మందడంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, నువ్వు మన బెజవాడ పిల్లవే కదా, నువ్వెందుకు రాయవు ఈ పుస్తకం" అని అడిగాడు. ఆమె మంచిది, కష్టపడేది, ఆమె మీద నాకు కోపం లేదు. తన యూనివర్సిటీలో ఆమె ఉద్యోగి, జీతం ఉంది, పెన్షన్ కూడా జమవుతుంది. అమరావతి మాస్టర్ ప్లాన్ సింగపూర్ వాళ్లు వేశారు, ప్రభుత్వ భవనాల డిజైన్ లండన్ నుంచి వచ్చింది, ఆ ప్లాను మా రైతులకు ఏం చేసిందన్న థీసిస్ నెదర్లాండ్స్ వెళ్లింది. నాకు పదహారు వేల ఐదు వందలు వచ్చాయి.

సరే, మీరేం చేయగలరో చెప్తాను. పెద్ద కోరికలేం కాదు.

మీ శాఖ పేరు మీద ఏడాదికి ఐదుగురికి ఫెలోషిప్ పెట్టండి, ప్రశ్నలు మీ శాఖవే ఇవ్వండి: బుడమేరు, బీపీఎస్, చిన్న మున్సిపాలిటీల మురుగు కాలువలు, విశాఖ కొండవాలు ఇళ్లు, ఏదైనా సరే. సీటు, గైడు, పరీక్ష అంతా విజయవాడ స్పా గానీ, మన రాష్ట్ర యూనివర్సిటీలు గానీ చూసుకుంటాయి. జేఆర్‌ఎఫ్ రేటే వేసుకున్నా ఒక్కరికి మొదటి రెండేళ్లకు 8 లక్షల 88 వేలు, తర్వాతి రెండేళ్లకు 10 లక్షల 8 వేలు, మొత్తం 18 లక్షల 96 వేలు. ఒక ఏడాది తీసుకున్న ఐదుగురికి నాలుగేళ్లకు కలిపి 94 లక్షల 80 వేలు. ఇంటి అద్దె భత్యం వేరే. కన్సల్టెంట్ల బిల్లులు చూసే మీకు ఈ అంకె పక్కన ఇంకేం రాయక్కర్లేదు.

డబ్బు కన్నా ముఖ్యం డేటా. నా ప్రశ్నకు కావాల్సింది భవన అనుమతుల జాబితా, బీపీఎస్ దరఖాస్తుల జాబితా, వాటి లొకేషన్, అంతే. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఇవ్వమన్నాను. ఒక ఆఫీసులో ఆన్‌లైన్‌లో ఉంది చూసుకోమన్నారు, ఒక్కో అనుమతి నంబరు టైపు చేస్తే ఒక్కో కాగితం వస్తుంది, అన్నీ కలిపి ఎప్పటికి చూడను? ఇంకో ఆఫీసులో ఎందుకమ్మా ఇవన్నీ, కోర్టులో వేస్తావా అని అడిగారు. సమాచార హక్కు కింద పెడితే ఫలానా సెక్షన్‌కు పంపామని ఉత్తరం, ఆ సెక్షన్ నుంచి మాది కాదని ఉత్తరం. అడిగినవాళ్లను అనుమానించకుండా ఇచ్చేలా ఒక జీవో వస్తే, ఫెలోషిప్ లేకపోయినా సగం మంది ఎలాగో చేసుకుంటారు.

మూడోది మీ సొంత మనుషుల గురించి. టౌన్ ప్లానింగ్ సెక్షన్లలో టీపీఓలు (టౌన్ ప్లానింగ్ ఆఫీసర్లు), ఏసీపీలు (అసిస్టెంట్ సిటీ ప్లానర్లు), 2019లో వచ్చిన వార్డు ప్లానింగ్ సెక్రటరీలు ఉన్నారు, ఏ వీధిలో ఏ ఫ్లోరు ఎప్పుడు లేచిందో వాళ్లకు నోటికొచ్చు. పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగితే దాన్ని ఇవ్వడానికే ఏడాది పడుతోందని నా క్లాస్‌మేట్ ఒకడు వాపోయాడు. నీతి ఆయోగ్ 2021 రిపోర్టు చూశారనుకుంటా: దేశంలో టౌన్ ప్లానర్ పోస్టులు 12 వేలకు పైగా కావాలి, మంజూరైనవి 4 వేల లోపే, వాటిలోనూ సగం వరకు ఖాళీ అని అందులో ఉంది. ఉన్న కొద్దిమందినీ చదువుకోనివ్వకపోతే ఎలాగండి? వాళ్లు చదివితే ఫైళ్లు ఆగుతాయంటారేమో, చదవకపోయినా ఆగుతూనే ఉన్నాయి (ఇది మాత్రం కాస్త కోపంతోనే రాశాను, ఉండనివ్వండి).

ఇదంతా చదివి, మరి ఈ అమ్మాయి ఇప్పుడేం చేయబోతోంది అని మీకు అనిపిస్తే, విజయవాడ స్పాలోనే అప్లై చేయబోతున్నా. ఇల్లు దగ్గర, బుడమేరు దగ్గర, ఫెలోషిప్ వస్తే అమ్మకు చెప్పి ఉద్యోగం మానేస్తా. రాకపోతే పార్ట్ టైమ్. దానికి డబ్బు రాదు, పైగా పొద్దున మ్యాపులు, రాత్రి థీసిస్. గేట్ స్కోరు మూడేళ్లే చెల్లుతుంది, నాది వచ్చే మార్చితో అయిపోతుంది. బీపీఎస్ జాబితా కోసం పెట్టిన అర్జీ మాత్రం మీ శాఖలో ఎక్కడో ఉంది, రశీదు నా దగ్గరుంది, ఎవరైనా అడిగితే తీసుకొస్తాను.

ఇట్లు,
సింగ్ నగర్ నుంచి ఒక ప్లానింగ్ విద్యార్థిని