శిక్ష పెంచడం కాదు, పిల్లల సాక్ష్యం త్వరగా తీసుకోండి

సంపాదకుడికి,

చిన్నపిల్లలపై అఘాయిత్యం జరిగిన ప్రతిసారీ ‘ఉరి తీయాలి’ అంటాం. ప్రభుత్వాలూ ఆ దారే పట్టాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టాన్ని 2019లో సవరించి మరణశిక్ష దాకా తెచ్చారు. అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అత్యాచార కేసుల్లో 21 పనిదినాల్లో తీర్పు ఇవ్వాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. అది అమల్లోకే రాలేదు.

కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం తీసుకోవాలని, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని 2012 నాటి పోక్సో చట్టంలోనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరేం?

టీచరుగా పనిచేసిన నేను, ఒక తల్లి తోడు రమ్మంటే ఆమె కూతురి కేసు వాయిదాకు వెళ్లాను. పొద్దున్నుంచీ వరండాలో బెంచీ మీదే కూర్చున్నాం. నిందితుడి తరఫు వాళ్లు మెట్ల దగ్గర నిలబడి పిల్లనే చూస్తున్నారు. ఆ పిల్ల అమ్మ కొంగు వదల్లేదు, అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక వాయిదా పడిందన్నారు. ఊళ్లో పెద్దమనుషులు అప్పటికే ‘ఎన్నాళ్లు తిరుగుతావమ్మా, రేపు పిల్లకి పెళ్లి చేయాలి కదా, రాజీ పడు’ అంటున్నారట. కేసులు నీరుగారేది ఇక్కడే. ఏళ్లు గడిచాక బోనులో పిల్ల తడబడితే, సాక్ష్యం నిలవలేదని కేసు కొట్టేస్తారు. అప్పుడు ఉరిశిక్ష చట్టంలో ఉండి ఏం లాభం?

పిల్లలు నిందితుడి కంటపడకూడదు, లాయర్ల ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి, పదేపదే కోర్టుకు పిలవకూడదు. ఇవన్నీ ఆ చట్టంలోనివే. బాధిత మహిళలకు, పిల్లలకు అండగా ఉండే హైదరాబాద్ భరోసా కేంద్రంలో 2018లోనే పిల్లల కోసం ప్రత్యేక కోర్టు పెట్టారు. భయపడే సాక్షుల వాంగ్మూలానికి ప్రతి జిల్లాలోనూ విడిగా కేంద్రం ఉండాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గది కట్టి రిబ్బన్ కత్తిరిస్తే సరిపోదు, పిల్లలు నిందితుడి వాళ్లకు ఎదురుపడకుండా వచ్చిపోయే దారి కూడా వేరుగా ఉండాలి.

కేసు మొదటి రోజు నుంచి తీర్పు దాకా కుటుంబానికి తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వడానికి 2020 పోక్సో నిబంధనల్లో వీలుంది. నాతో వచ్చిన తల్లికి ఆ సంగతే ఎవరూ చెప్పలేదు. కేసు తేలకముందే ఇచ్చే మధ్యంతర పరిహారం అడగవచ్చనీ తెలియదు. కూలి మానుకుని కోర్టుకు వచ్చే మనిషికి బస్సు చార్జీలూ భారమే.

రాష్ట్ర ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. ఎన్ని పోక్సో కేసుల్లో 30 రోజుల్లోపు పిల్లల సాక్ష్యం తీసుకున్నారు, ఎంతమందికి సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చారు అన్నది జిల్లాలవారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి. ఎక్కడ జడ్జి పోస్టు ఖాళీగా ఉందో, ఎక్కడ ఫోరెన్సిక్ రిపోర్టు ఆగిందో అప్పుడు అందరికీ తెలుస్తుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా