బాపుకు స్కాన్ తీయించే ముందు ఇది చదువు

దోస్తు,

మీ బాపుకు కూడా మా అమ్మలాగే కంట్లో నీటికాసులేనని (గ్లాకోమా) నువ్వు చెప్పినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉందిరా. వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో ఓసీటీ స్కాన్ (కంటి వెనక పొరల మందం కొలిచేది) అన్నావు కదా, ఆలోపే ఈ ముచ్చట నీకు చేరాలి.

మొన్న మా అమ్మ రిపోర్టులో కుడికంటికి, గడియారంలో ఏడు ఉండే చోట ఎర్రగా వచ్చింది, అంటే అక్కడ నరాల పొర మామూలు కన్నా పల్చగా ఉందని. పోయినసారి అక్కడ ఆకుపచ్చ రంగే, అంటే మామూలుగానే ఉంది. చుక్కల మందు ఒక్క పూట తప్పలేదు, కంటి ప్రెషర్ పెరగలేదు. ఈ జబ్బుతో పోయిన చూపు మళ్లీ రాదాయె, ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టింది. రక్తనాళాలు అవే, కానీ కొత్తదాంట్లో కాస్త తిరిగి ఉన్నాయి. ఆ రోజు అమ్మకు మెడ పట్టేసింది. గడ్డం మిషన్ మీదే పెట్టింది కానీ తల పక్కకు వాలింది. తల వాలితే కన్ను రెండో వైపుకు తిరిగి సర్దుకోవాలని చూస్తుందట, అయితే సర్దుకునేది కొంచెమే. మిగతా వంపంతా బొమ్మలోకి వస్తుంది.

మిషన్ కంటినరం చుట్టూ దాదాపు 3.4 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక గుండ్రం గీసి, దాని వెంట నరాల పొర మందం కొలుస్తుంది. ఆ గుండ్రాన్ని గడియారంలా 12 భాగాలు చేస్తుంది, ఒక్కోటి 30 డిగ్రీలు. పొర అంతటా ఒకే మందం ఉండదు. పైనా కిందా దళసరి, పక్కల పల్చన. మన నల్లగొండ గడియారం సెంటర్లో ఆ గడియారపు పలకను కొద్దిగా తిప్పి బిగించారనుకో, ఏడు ఉండాల్సిన చోటికి ఎనిమిది జరుగుతుంది. అమ్మకు జరిగింది అదే. ఎనిమిది దగ్గరి పల్చటి పొర ఏడు లెక్కలోకి వచ్చింది. గుండ్రం మొత్తం సగటు మాత్రం మారలేదు, డాక్టరమ్మకు అనుమానం వచ్చిందే అక్కడ.

కొన్ని మిషన్లు నరం నుంచి చూపు కేంద్రానికి గీత గీసి, దాన్నిబట్టి భాగాలు సరిచేసుకుంటాయి. ఆ గీత వంపు మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి నాకైతే అదే న్యాయమైన కొలత అనిపించింది.

మెడనొప్పి తగ్గాక మళ్లీ తీయిస్తే ఆ చోటు ఆకుపచ్చగా వచ్చింది. అట్లని ఎరుపు కనపడితే వంపేలే అని వదిలెయ్యకు. నిజంగా నరం పల్చబడినా మొదట కనపడేది చాలాసార్లు అక్కడే. మళ్లీ తీయించి, ఫీల్డ్ టెస్టుతో (చూపు ఏ పక్క ఎంత ఉందో చూసే పరీక్ష) పోల్చి చూడమని అడుగు.

బాపు తల నిటారుగా ఉందో లేదో నువ్వే పక్కన నిలబడి చూడు. స్టూల్ ఎత్తు సరిపోకపోతే మార్పించు. పాత కాగితాలు మరిచిపోకుండా పట్టుకపో. అయినాక రెండు రిపోర్టులూ నాకు పంపు, ఎంత రాత్రయినా సరే.

అమ్మ మీ అందరినీ అడిగింది.

నీ దోస్తు