గాలి ఉన్న రోజు చూసుకొని పో బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన మూడు పడవల కొలతలు ప్రింటు తీయించుకొని నిన్నటి నుంచి ముందర పెట్టుకొని చూస్తున్న. ఫోన్‌లో చెప్తే "సరే బాపు" అని ఇంకో ముచ్చటలోకి పోతవు, అందుకే రాస్తున్న. అక్కడ అమెరికాలో, ఒక్కదానివే నడుపుకునే కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కొనుక్కోవాలన్న నీ ఆలోచన నాకు మస్తు నచ్చింది. అయితే నీ మాటలను బట్టి చూస్తే, గాలి లేని సాయంత్రం దుకాణం వాళ్ల చెరువులో పది నిమిషాలు తిరిగి, ఏది తక్కువ ఊగితే దానికి పైసలు కట్టేటట్టున్నవు. అట్లా చేయకు.

నీటిపారుదల శాఖలో ఉన్నన్నాళ్లు పాకాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగర్ చెరువులన్నింటి మీదా తిరిగిన. లోతులు కొలిచే పని ఉంటే చేపలు పట్టేవాళ్ల పుట్టి ఎక్కేది. వెదురు బద్దలు అల్లి, కింద పట్టా బిగించి తారు పూసిన పుట్టి ఎంత నిలకడగా ఉంటదో నీకూ తెలుసు, చిన్నప్పుడు పాకాలలో ఎక్కించిన. ఇద్దరు మనుషులు, తడిసిన వలలు, చేపల గంపలు ఎక్కినా జంకదు. కానీ తిన్నగ పోదు. ఒక పక్క తెడ్డు వేస్తే ఉన్నచోటనే గిర్రున తిరుగుతది. అందుకే నడిపేటాయన ముందుకు వంగి, తెడ్డును తన ఎదురుగా ఇటూ అటూ కోసుకుంట పుట్టిని లాక్కుంట పోతడు. నిలకడ కావాలంటే వెడల్పు పెంచాలె, వెడల్పు పెరిగితే నడక పోతది. పొడుగు పెంచితే తిన్నగ పోతది, తిరగమంటే మొండికేస్తది. పడవ చేసేటోడు ఎంత గొప్పోడైనా ఈ బేరం తప్పదు. మూడింటిలో ఏది మంచిదని నన్ను అడిగినవు. నీ ఒంటికి, నువ్వు పోయే నీళ్లకు ఏ బేరం కుదురుతదో నీళ్ల మీదికి పోయి తేల్చుకోవాలె.

ముందు నీ ఒంటి సంగతి. నీ జాబితాలో మూడోది పదహారున్నర అడుగులది. దాని లోతు, వెడల్పు చూస్తే 90 కిలోల మనిషి వారం రోజుల సామాను వేసుకొని పోవడానికి గీసిన పడవ. నువ్వు 54 కిలోలు. లెక్క చూడు. పదిహేను అడుగుల పడవ నీటిగీత దగ్గర 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదనుకో. రెండు కొనలు సన్నబడ్డది తీసేస్తే నీళ్ల మీద అది పరుచుకునే జాగ సుమారు రెండు చదరపు మీటర్లు. అంటే 20 కిలోల బరువు ఎక్కినప్పుడల్లా ఒక సెంటీమీటరు కిందికి దిగుతది. ఆ మనిషి కూర్చున్నప్పటి కన్నా నువ్వు కూర్చున్నప్పుడు పడవ దాదాపు రెండు సెంటీమీటర్లు పైకి తేలుతది. ఇంతే గదా అనుకోకు. పడవ పొడుగునా ఆ రెండు సెంటీమీటర్ల గోడ గాలికి దొరుకుతది, అంతే మేర నీళ్లలో పట్టు తగ్గుతది. పెద్ద పడవలో చిన్న మనిషి ఎక్కితే గాలికి ఎండుటాకు లెక్క కొట్టుకపోతది.

ఈ సంగతి తెలిసిన మేస్త్రీలు నూట నలభై ఏండ్ల కిందటే ఉన్నరు. 1883లో అమెరికాలో రష్టన్ అనే పడవల మేస్త్రీ, యాభై కిలోల చుట్టుపక్కల బరువుండే సియర్స్ అనే ఒక రచయిత కోసం 9 అడుగుల పడవ చేసి ఇచ్చిండు. పడవ బరువు పదిన్నర పౌన్లు, అంటే అయిదు కిలోలు కూడా లేదు. ఆ పెద్దమనిషి దాన్ని వేసుకొని ఆడిరాండాక్ సరస్సులలో రెండు వందల మైళ్లకు పైగా తిరిగొచ్చిండు. నీకు అంత చిన్నది వద్దు గానీ, పద్నాలుగు, పదిహేను అడుగుల మధ్య ఉన్న ఆ మొదటి రెండింటినే గట్టిగా చూడు.

చూసేటప్పుడు ఖాళీగా ఎక్కకు. మన ఇంటికి వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్ లాంటివి రెండు పట్టుకపో. అక్కడ 5 గ్యాలన్లదే దొరుకుతది, అదీ 19 లీటర్లు. రెండింటినీ మూతి దాకా నింపు. సగం నింపితే పడవ ఎటు వాలితే లోపలి నీళ్లు అటే ఉరుకుతయి, పడవ గుణం నీకు తెలియనియ్యవు. ఒకటి సీటు ముందర, ఒకటి వెనక, అడుగున పెట్టు. రెండు మూడు రాత్రులు ఉండి వచ్చే సామాను అంతే ఉంటది. ముందు ఖాళీగా, తరువాత క్యాన్లతో, ప్రతి పడవనూ రెండు తీర్లా నడుపు. అన్నింటికీ ఒకటే తెడ్డు వాడు, లేకపోతే దేని గుణం ఏదో కలగాపులగం అయితది.

ఎక్కగానే ఊగుతది. నిరుడు మేం వచ్చినప్పుడు మినియాపొలిస్‌లో అద్దెకు తీసుకున్నది ఇద్దరు నడిపే వెడల్పాటి పడవ, దాంతో పోల్చుకోకు. ఒక్కరి పడవ 28, 30 అంగుళాలే ఉంటది. అడుగు చదునుగా ఉన్నది మొదట్లో హాయిగా అనిపిస్తది, కానీ అల వచ్చినప్పుడు నీళ్లు ఎటు వాలితే అదీ అటే వాలుతది. ఒక హద్దు దాటినంక చెప్పకుండా బోర్లపడుతది. అడుగు కొంచెం గుండ్రంగా ఉన్నది మొదట జంకిస్తది, పక్కకు వంగినంక మాత్రం ఒకచోట ఆనుకొని నిలబడుతది, అలలో కూడా నెమ్మదిగా ఉంటది. ఆ ఆనుడు ఎక్కడ వస్తదో నీ నడుముకు తెలియాలె. నడుము లోతు నీళ్లలో, మోకాళ్ల మీద కూర్చొని, అంచు నీళ్లకు దగ్గరయ్యే దాకా మెల్లగా వంచి చూడు. పడితే పడు, అక్కడే పడు.

సీటు ఎత్తు తప్పకుండా చూడు. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు పాదాలు, బూట్లతో సహా, సీటు కింద నుంచి సులువుగా బయటికి రావాలె. ఇరుక్కునేటట్టుంటే అది ప్రమాదం. సీటు మరీ ఎత్తుంటే పడవ తల బరువెక్కుతది. దాన్ని పొడుగు బోల్టులతో కొంత కిందికి దింపుకోవచ్చు, కానీ పాదాలకు జాగ ఉంచుకొనే దింపాలె. పక్కలు పైకి వచ్చేకొద్దీ లోపలికి వంగి ఉంటే నీ అసుంటి పొట్టి చేతులకు మంచిది. తెడ్డు నిలువుగా, పడవకు ఆనుకొని దిగుతది. అంచు వెడల్పుంటే తెడ్డు దూరంగా పడుతది, తెడ్డు వేసిన ప్రతి పోటుకూ పడవ మూతి, అంటే ముందు కొన, పక్కకు తిరుగుతది.

ఇప్పుడు గాలి. ఇది చెప్పడానికే ఉత్తరం మొదలుపెట్టిన. ఆషాఢంలో ధర్మసాగర్ కట్ట మీద నిలబడితే ఎట్లా కొడతదో నీకు యాదికున్నదా? చెరువు కట్ట ఎంత ఎత్తు ఉండాలె అని లెక్కగట్టేటప్పుడు మేము గాలి వేగం ఒక్కటే చూడం. ఆ గాలికి అడ్డం లేకుండా ఎంత పొడుగు నీళ్లు దొరుకుతున్నయో కూడా చూస్తం. నీళ్లు ఎంత పొడుగుంటే అల అంత పెద్దది. కట్టకు లోపలి పక్క రాతి కట్టడం చేసేది అందుకే. మీ మిన్నెసోటా సరస్సులు మైళ్ల పొడుగున్నయి. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి మారిపోతయి. పడవ నిన్ను ఏడిపించేది అప్పుడే, దుకాణం చెరువులో కాదు.

అందుకని గాలి ఉన్న రోజు అడిగి పో. తుఫాను అక్కర్లేదు, చెట్ల చిన్న కొమ్మలు ఊగితే చాలు. గాలి నీళ్ల మీద నుంచి ఒడ్డు వైపు వీచే చోటనే దిగు, ఏదన్నా అయితే గాలే నిన్ను ఒడ్డుకు తెస్తది. ముందు గాలికి ఎదురుగా పో, అలసినంక గాలితో తిరిగి రావచ్చు. నడుమ ఒకచోట గాలికి అడ్డంగా పడవను నిలిపి, తెడ్డు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చో. ఏ కొన కొట్టుకపోతుందో చూడు. ముందు కొన గాలి పోయే దిక్కుకు పోతుంటే ముందర బరువు చాలలేదు, క్యాన్‌ను ఒక అడుగు ముందుకు జరుపు. మూతి గాలికి ఎదురు తిరుగుతుంటే వెనక్కు జరుపు. అట్లా జరిపితే మాట వినే పడవ మంచిది. ఎంత జరిపినా ఒక్క పక్కనే తెడ్డు వేయాల్సి వస్తే, రెండు గంటలైనంక నీ భుజం గతి ఆలోచించుకో. సీటే ముందుకూ వెనక్కూ జరిగే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది, దానికి కొంచెం ఎక్కువ పెట్టినా నేను ఏమీ అనను.

భుజాల మీద మోసుడు కూడా పరీక్షలో భాగమే. నువ్వు పోతనంటున్న బౌండరీ వాటర్స్‌లో, అంటే మిన్నెసోటాలోని ఆ అడవి సరస్సుల జాగలో, వెయ్యికి పైగా సరస్సులున్నయట, ఒకదాని నుంచి ఇంకోదానికి పడవ నెత్తిన పెట్టుకొని నడవాలె. ఆ దారులను రాడ్‌లలో కొలుస్తరని చదివి సంతోషమైంది. రాడ్ అంటే 16.5 అడుగులు. మన గుంట భూమి 33 అడుగుల చదరం గదా, దాని ఒక పక్కలో సగం. నూరు రాడ్‌ల దారి అంటే అర కిలోమీటరు, రాళ్లు, బురద, దోమల నడుమ. యాభై పౌన్ల పడవ అంటే దాదాపు 23 కిలోలు, నీ బరువులో సగానికి కొంచెం తక్కువ. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసినది 35 పౌన్ల లోపు వస్తున్నది. ఆ కెవ్లార్‌ను 1965లో కనిపెట్టింది స్టెఫనీ క్వోలెక్ అనే ఆడమనిషి, కెమిస్ట్. నువ్వు తెలుసుకోవాల్సిన పేరు. కొనేముందు ఎవరి సాయం లేకుండా భుజానికి ఎత్తుకొని, గడ్డిలో ఓ రెండు వందల మీటర్లు నడిచి, మళ్లీ దింపు. ఒక్కరి పడవలో సీటు నడుమనే ఉంటది కాబట్టి పడవను భుజాల మీద ఆపే కాడి విడిగా బిగించుకోవాలె, ధరలో అది ఉన్నదో లేదో అడుగు.

వాడిన పడవ దొరికితే వద్దనకు. రాయలెక్స్ అనే ప్లాస్టిక్ సరుకుతో చేసిన పడవలు పాతవే దొరుకుతయి, 2014 ప్రాంతంలో ఆ సరుకు తయారీ ఆగిపోయింది. అంచులకు కట్టె ఉన్నది చలికాలం బయట పడేస్తే, స్క్రూల దగ్గర చీలికలు వస్తయి, అక్కడ వేలు పెట్టి చూడు. బోర్లేసి వెనక నుంచి ఒక కన్ను మూసి అడుగు పొడుగునా చూపు సాగదీయి. నడుమ లోపలికి పోయి ఉంటే వదిలేయి.

ఇక మీ అమ్మ భయం. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలె. మన చెరువుల నీళ్లు వేరు, అక్కడ మే నెలలో ఎండ ఉన్నా నీళ్లు అప్పుడే కరిగిన మంచు. అసుంటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, పది నిమిషాలు దాటితే చేతులు మాట వినవు. కాబట్టి ఈ పరీక్షలు జూలైలో పెట్టుకో. లోతు నీళ్లలో బోర్లపడ్డ పడవలోకి ఒక్కదానివే మళ్లీ ఎక్కుడు కష్టం. ఒడ్డు వదిలి దూరం పోకు, ఏ దారిన పోతున్నవో ఎవరికన్నా చెప్పి పో.

పడవ పైసలు నీవి, తెడ్డు మాత్రం మేం ఇప్పిస్తం. తేలికది తీసుకో, ధర చూడకు. నిమిషానికి నలభై పోట్లు వేస్తే గంటకు 2400. తెడ్డు 200 గ్రాములు బరువెక్కువుంటే గంటలో 480 కిలోలు ఉత్తగ ఎత్తినట్టు.

రెండో పడవ కాగితంలో సీటు ఎత్తు ఇవ్వలేదు. పోయినప్పుడు అడుగు నుంచి సీటు దాకా టేపుతో కొలిచి నాకు పంపు. అమ్మ లైఫ్ జాకెట్ వేసుకున్న ఫోటో అడుగుతున్నది, అదీ పంపు.

పైలం బిడ్డా.

మీ బాపు