వీరి వీరి గుమ్మడిపండు: ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగు సంఘం సభ్యులకు 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక ఉగాది పచ్చడితో మొదలై జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి పండుగల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగింది. రథయాత్ర నాడు మజ్జిగ పంచాం, మధ్యాహ్నానికే కుండలు ఖాళీ అయ్యాయి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి జరుపుకున్నాం. సంక్రాంతి ముగ్గుల పోటీలో ముగ్గుల కంటే న్యాయనిర్ణేతలు ఎక్కువయ్యారు. వచ్చే ఏడాది ఆ సంఖ్య తగ్గించాలని కార్యవర్గం తీర్మానించింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. మిగిలిన కాగితమంతా చిన్నపిల్లల ఆదివారం ఆటలకే కేటాయిస్తున్నాను. ఈ ఏడాది మనం కొత్తగా నేర్చుకున్నదేమైనా ఉంటే అది అక్కడే.

కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు మామ్మలు లేచి ఒక మాట అడిగారు. పిల్లలకు అంగన్‌వాడీలో ఒడియా, టీవీలో హిందీ వినబడుతున్నాయి, తెలుగు మాత్రం అమ్మ కోప్పడినప్పుడే వినబడుతోంది, దీనికి సంఘం ఏమైనా చేస్తుందా అని. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు క్విజ్ పెడదామని నేనే ప్రతిపాదించాను. రెండు జట్లు, మధ్యలో గంట, జవాబు తెలిసినవాళ్ళు గంట కొట్టాలి.

ఆ మొదటి ఆదివారం గురించి దాచడానికేమీ లేదు. ఒక బాబు గంట పట్టుకుని ఇక వదల్లేదు. రెండో జట్టు పిల్లలు ప్రశ్నలు మానేసి గంట కోసం ఏడ్చారు. ఆ గొడవలోనే పిల్లి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను. మూడున్నరేళ్ళ పాప ఒకతె "బిలెయి" అంది. ఒడియాలో పిల్లిని అలాగే అంటారు. నేను "తప్పు" అన్నాను. పాప నా వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది, తరువాత వాళ్ళ మామ్మ కొంగులో తల దూర్చింది. ఆ పూటకు మళ్ళీ బయటికి రాలేదు. వెళ్ళేటప్పుడు ఆ మామ్మగారు నెమ్మదిగానే అన్నారు: "దానికి పిల్లి తెలుసు బాబూ. బిలెయి నీకే తెలియలేదు."

గిడుగు వారి ఫొటోకు దండ వేసిన చేతులే ఇవి. ఈ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు ఖర్చు పెట్టిన మనిషాయన. ఆయన ఊళ్ళో కూర్చుని ఇంట్లో పలికే మాటను తప్పన్నాను.

మరుసటి వారం గంటను బీరువాలో పెట్టాం. ఆ మామ్మగారే వచ్చి వీరి వీరి గుమ్మడిపండు ఆడించారు. మరచిపోయినవారి కోసం ఒకసారి చెబుతాను. ఒక పిల్ల కళ్ళు మూస్తారు. ఇంకొకరు చప్పుడు చేయకుండా వచ్చి ఎదురుగా నిలబడతారు. కళ్ళు మూసినవారు "వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి?" అని అడుగుతారు. గాజుల చప్పుడు, తలనూనె వాసన, ఆపుకోలేని నవ్వు, వీటిని బట్టి పేరు చెప్పాలి. చెప్పలేకపోతే కళ్ళు తెరిచి చూసుకుని నవ్వుకోవడమే. ఇంతకు మించిన క్విజ్ ఈ వయసుకు లేదని ఇప్పుడు నా అభిప్రాయం. మార్కులు లేవు, బయటికి పంపేయడం లేదు, ప్రశ్నగా నిలబడ్డది కూడా ఒక స్నేహితుడే.

తక్కిన ఆటలన్నీ ఈ దారిలోనే కుదిరాయి. పళ్ళెంలో గరిటె, దువ్వెన, తాళంచెవి, నిమ్మకాయ, గవ్వ పెట్టి, అందరూ ఒకసారి చూశాక తువ్వాలు కప్పి, ఒకటి తీసేసి ఏది పోయిందని అడుగుతాం. మూడేళ్ళవాళ్ళకు మూడు వస్తువులు చాలు, ఐదేళ్ళవాళ్ళకు ఏడు దాకా పెట్టవచ్చు. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా తడిమి పేరు చెప్పడం ఇంకొకటి. వాసన ఆటకు అల్లం, కర్పూరం, కాఫీపొడి, ఇంగువ పలుచని గుడ్డలో మూట కట్టాం. ఇంగువ దగ్గర ముఖం చిట్లించని పిల్ల లేదు, మళ్ళీ వాసన చూస్తానని అడగని పిల్లా లేదు. కారం, మిరియాలు మాత్రం ఈ ఆటకు తేకండి. చింతగింజలు, శనగలు ముక్కుల్లోకి, నోళ్ళలోకి పోయే ప్రమాదం ఉంది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పాకుతూ తిరిగే చోట అసలే వద్దు.

హిందీవాళ్ళు చిడియా ఉడ్ అని ఆడే ఆటను మనం "ఎగిరిందా?" అని మార్చుకున్నాం. కాకి ఎగిరిందా అంటే చేతులెత్తాలి, ఆవు ఎగిరిందా అంటే ఎత్తకూడదు. ఒక వారం "కోడి ఎగిరిందా?" దగ్గర ఆట ఆగిపోయింది. ఎగరదని నేనన్నాను. నాలుగేళ్ళ బాబు ఒప్పుకోలేదు. వాళ్ళింటి కోడి గోడ మీదికి ఎగురుతుందట, అక్కడి నుంచి పెంకుల మీదికీ వెళుతుందట. గోడ ఎంత ఎత్తో చెయ్యెత్తి చూపించాడు. పిల్లలందరూ అతని పక్షమే చేరారు. కోడికి సగం చెయ్యి ఎత్తాలని తీర్మానమైంది. మన కార్యవర్గంలో ఇంత త్వరగా ఏ తీర్మానమూ జరగలేదు.

పొడుపు కథల విషయంలో మాకొక తెలివి ఆలస్యంగా వచ్చింది. "చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు" అని ముందే అడిగితే మూడేళ్ళ పిల్లలు నిజంగా కుండ కోసమే వెతుకుతారు. ఒకదాన్ని చెప్పి ఇంకొకదాన్ని అనుకోవడం వాళ్ళకు ఇంకా అందదు. అందుకని వరుస తిప్పేశాం. ముందు కొబ్బరికాయ చేతికిచ్చి, తరువాత పొడుపు చెప్పాం. ఒక పాప దాన్ని చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళు కదలడం విని, "ఇందులో నీళ్ళు ఎవరు పోశారు?" అంది. ఐదు దాటినవాళ్ళకైతే పాత వరుసే బాగుంటుంది. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" అనగానే ఇద్దరు ముగ్గురు తేనెపట్టు అనేశారు.

ఒడియా జవాబు కూడా ఇప్పుడు సరైన జవాబే. దాని పక్కన తెలుగు మాట చేరుస్తాం, అంతే. బిలెయి అంటే "అవును, పిల్లి" అంటాం. ఇందులో మేం నేర్చుకున్నదే ఎక్కువ. ఆవు ఏమిస్తుందంటే ఒకడు "ఖీర" అన్నాడు. మనం పుస్తకాల్లో వెతుక్కునే క్షీరం వాడి నోట్లో ఇంటి మాట. వాళ్ళ పిలా మన పిల్ల. అక్కడ జహ్నమాము, ఇక్కడ చందమామ. చంద్రుడు రెండిళ్ళకూ మేనమామే. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటతో, ఇంటి భాషతో చదువు చెప్పమంటోంది. అది చదివాక మొదలుపెట్టామని గొప్ప చెప్పుకోను. మామ్మగారి మాట విన్నాక చదివాను.

వాలంటీర్లకు ఒక్క మనవి. ప్రశ్న అడిగాక ఆగండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతి గదుల సంభాషణలు రికార్డు చేసి పరిశీలించారు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని, మౌనంగా ఉండిపోయేవాళ్ళు తగ్గుతారని చూపించారు. అది బడి పిల్లల సంగతి. మనవాళ్ళకు ఇంకా ఎక్కువే కావాలి. నేను మనసులో మన ఏటి పేరు "మహేంద్రతనయ" అని మూడుసార్లు అనుకుంటాను. గోడవారగా నిలబడి జవాబు అందించే తల్లిదండ్రులు ఆ కాసేపు సీతాసాగరం చెరువు గట్టు దాకా నడిచి రావాలని కోరుతున్నాను.

లోపాలు కూడా రాయాలి. పరీక్షల నెలలో రెండు ఆదివారాలు ఎగ్గొట్టాం, ఆడించేవారు లేక. పాతపట్నం వైపు నుంచి వస్తామన్న కుటుంబాలకు సమయం కుదరలేదు. ఆ పాప కొంగు వదిలి ఆటలోకి రావడానికి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు వస్తోంది, కాని నేను అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ మామ్మ చెవిలోనే జవాబు చెబుతుంది.

వచ్చే ఏడాదికి గట్టి మూతలున్న డబ్బాలు, పాత గాజులు, పెద్ద గవ్వలు కావాలి. కొబ్బరికాయలు చాలు. గంట బీరువా కింది అరలో ఉంది. ఎవరికైనా పూజకు పనికొస్తే తీసుకువెళ్ళవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి